ఓడ కెప్టెన్, రెండు పడవలు: ఇది ఏ రకం ఉపయోగితావాదం?

సెక్షన్_చదువరి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. లా రెండో సంవత్సరం చదువుతున్నాను. సెమినార్‌కి నాకు వచ్చిన టాపిక్ పాత ఐపీసీలో 81వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 19వ సెక్షన్. పెద్ద హానిని తప్పించడానికి ఇంకో హాని జరిగే పని చేస్తే అది నేరమా కాదా అన్నది విషయం. ఆ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉంది. ఒక స్టీమర్ కెప్టెన్, తన తప్పు గానీ నిర్లక్ష్యం గానీ లేకుండానే, ఓడను ఆపలేని పరిస్థితిలో పడతాడు. అలాగే పోతే ఇరవై ముప్పై మంది ఉన్న పడవను గుద్దడం ఖాయం. దారి మళ్లిస్తే ఇద్దరే ఉన్న ఇంకో పడవను గుద్దే ప్రమాదం ఉంది, తప్పించుకుపోయే అవకాశమూ ఉంది. రెండో పడవను గుద్దాలన్న ఉద్దేశం లేకుండా, మొదటి పడవలో వాళ్లని కాపాడాలని మళ్లిస్తే అతను నేరస్థుడు కాడు అంటుంది చట్టం.

ఇది చదవగానే నోట్స్‌లో "పక్కా యుటిలిటేరియనిజం" అని రాసుకున్నాను, అంటే ఏది చేస్తే మొత్తం మీద ఎక్కువ మేలో అదే సరైనదనే ఉపయోగితావాదం. ముప్పై మంది పోవడం కంటే ఇద్దరు పోవడం నయం, అంతే కదా అని. తర్వాత దాని గురించి కాస్త వివరంగా రాద్దామని చదవడం మొదలుపెడితే యాక్ట్, రూల్, హెడోనిస్టిక్, ప్రిఫరెన్స్, నెగటివ్, టోటల్, యావరేజ్, టూ లెవెల్ అని ఒక్కో చోట ఒక్కో లిస్టు. ఇప్పుడు నిజంగా టెన్షన్‌గా ఉంది, ఎందుకంటే ఏది దేనికి చెందుతుందో చెప్పకుండా వరుసగా పేర్లు చదివేసి దిగిపోవడం నాకు ఇష్టం లేదు.

అడగాలనుకున్నవి మూడు. ఇవన్నీ వేర్వేరు సిద్ధాంతాలా, లేక ఒకటే సిద్ధాంతానికి పేర్లా? రూల్ యుటిలిటేరియన్లు నియమం పాటించమంటారు సరే, కానీ నియమం పాటిస్తే కీడు ఎక్కువ అని స్పష్టంగా తెలిసిన రోజున కూడా పాటించాలా? వద్దంటే అది మళ్లీ యాక్ట్, అంటే ఒక్కో పనికీ విడిగా లెక్క వేయడం, అయిపోదా? ఇక మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. మా వైపు ప్రాజెక్టులకి భూములు తీసుకున్నప్పుడల్లా "ఎక్కువమందికి మేలు" అనే మాట వింటూ పెరిగాను. కెప్టెన్ దగ్గర ఆ లెక్క నాకు న్యాయంగానే కనిపించింది. భూముల దగ్గరకి వచ్చేసరికి అదే లెక్క మింగుడుపడట్లేదు. తేడా ఎక్కడుంది?

పాతపాఠం

డిగ్రీ కాలేజీలో చాలాకాలం ఫిలాసఫీ చెప్పాను కాబట్టి మీ మొదటి ప్రశ్న నేను తీసుకుంటాను. మిగతా రెండింటికీ ఇక్కడ నాకన్నా దగ్గరగా చూసినవాళ్లున్నారు.

మీరు చూసిన లిస్టులు ఎందుకు కంగారు పెడతాయంటే, వేర్వేరు ప్రశ్నలకి వచ్చిన జవాబులన్నిటినీ తెచ్చి ఒకే వరుసలో కూర్చోబెడతారు. యాక్ట్‌కి పోటీ రూల్. హెడోనిస్టిక్‌కి పోటీ ప్రిఫరెన్స్. టోటల్‌కి పోటీ యావరేజ్. యాక్ట్‌కీ హెడోనిస్టిక్‌కీ మధ్య పేచీయే లేదు, ఒకే మనిషి రెండూ అయి ఉండొచ్చు.

మొదటి పేచీ, మేలు అంటే అసలు ఏమిటి అని. ఈ సిద్ధాంతానికి రూపమిచ్చిన ఇంగ్లిష్ తత్వవేత్త బెంథాం 1789లో వచ్చిన తన పుస్తకంలో మనుషుల్ని ఏలే యజమానులు ఇద్దరే, సుఖమూ దుఃఖమూ, అని మొదలుపెడతాడు. మేలంటే సుఖమే అనే ఈ పక్షమే హెడోనిస్టిక్. సుఖాన్ని తూచడానికి ఏడు కొలతలు ఇస్తాడు: ఎంత గాఢంగా ఉంది, ఎంతసేపు ఉంటుంది, ఎంత ఖాయం, ఎంత త్వరలో వస్తుంది, వెనకాల ఇంకొన్ని సుఖాల్ని తెస్తుందా, బాధ కలవకుండా వస్తుందా, ఎంతమందికి అందుతుంది. ఈ ఏడింటిలో ఆ సుఖం ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నే లేదని గమనించండి. పిల్లలాట ఇచ్చే సుఖం, కవిత్వం ఇచ్చే సుఖం తూకంలో సమానమైతే రెండింటి విలువా సమానమే అతనికి. జాన్ స్టూవర్ట్ మిల్‌కి ఇది సరిపడలేదు. ఇతను చిన్నప్పటినుంచీ బెంథాం పద్ధతిలో పెరిగినవాడు, ఇరవై ఏళ్ల వయసులో ఘోరమైన నిరాశలో పడి, కవిత్వం చదివి కొంత తేరుకున్నవాడు. అందుకే కాబోలు, 1861లో పత్రికలో వ్యాసాలుగా వేసి 1863లో పుస్తకంగా తెచ్చిన రచనలో సుఖాల్లో పై తరగతి, కింది తరగతి ఉన్నాయన్నాడు. ఏది పైదో ఎలా తెలుస్తుందంటే రెండూ అనుభవించినవాళ్లని అడగమన్నాడు. ఈ పరీక్ష మీద నాకు ఎప్పుడూ గురి కుదరలేదు. రెండూ అనుభవించినవాళ్లు ఎవరో తేల్చేది మళ్లీ చదువుకున్నవాళ్లే కదా.

ఇంకో తత్వవేత్త మూర్ 1903లో ఇంకో అడుగు వేసి అందం, జ్ఞానం, స్నేహం లాంటివాటికి సుఖంతో పనిలేకుండా సొంత విలువ ఉందన్నాడు, దాన్నే ఐడియల్ అంటారు. నోజిక్ అనే తత్వవేత్త 1974లో ఒక ఊహాయంత్రం గురించి రాశాడు. అందులో పడుకుంటే కోరుకున్న అనుభవాలన్నీ మెదడుకి అందుతాయి, జీవితాంతం అందులోనే ఉంటారా అని ప్రశ్న. చాలామంది ఉండం అంటారు. అంటే మనకి కావలసింది ఒక్క సుఖపు అనుభూతే అయినట్టు లేదు, నిజంగా కొన్ని జరగాలి. ఇక్కడే ప్రిఫరెన్స్ వాళ్లకి బలం వచ్చింది: మనుషులు ఏం కోరుకుంటున్నారో అది నెరవేరడమే మేలు అంటారు. ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చిన హర్సాన్యీ ఈ పక్షం. పీటర్ సింగర్ కూడా చాలాకాలం ఈ పక్షమే ఉండి, తర్వాత మళ్లీ సుఖవాదం వైపు వచ్చాడు.

రెండో పేచీ, దేన్ని తూకం వేయాలి అని: ఒక్కో పనినా, నియమాన్నా, మనిషి స్వభావాన్నా. ఇది మీ రెండో ప్రశ్న, కాబట్టి ఆగుతున్నాను. జరిగిన ఫలితాన్ని చూడాలా, చేసే ముందు ఊహించగలిగిన ఫలితాన్ని చూడాలా అన్న తగువు కూడా ఇక్కడే ఉంది.

మూడో పేచీ, వచ్చిన మేళ్లన్నీ ఎలా కలపాలి అని. మొత్తం (టోటల్) చూడాలా, తలసరి (యావరేజ్) చూడాలా అన్న ప్రశ్న సిడ్జ్‌విక్ అనే తత్వవేత్త 1874లోనే లేవనెత్తాడు. మొత్తం అంటే, బతుకు ఏదో బతకదగ్గదిగా మాత్రమే ఉన్న కోటానుకోట్ల మంది ఉన్న లోకం, హాయిగా ఉన్న కొద్దిమంది లోకం కంటే మెరుగని ఒప్పుకోవాల్సి వస్తుంది. పార్ఫిట్ 1984లో దీన్ని బాగా బిగించి చూపించాడు. తలసరి అంటే, సగటు కంటే కాస్త తక్కువ సంతోషంగా ఉండే బిడ్డ పుట్టడమే తప్పయిపోతుంది. గైడ్ పుస్తకాలు ఈ మూడో పేచీని రెండు లైన్లలో దాటేస్తాయి. మీ భూముల ప్రశ్నకి జవాబు వెతకాల్సింది మాత్రం ఇక్కడే అని నా నమ్మకం.

నైట్_డ్యూటీ

రెండో ప్రశ్న నాకు ఇవ్వండి. క్యాజువాలిటీలో పనిచేస్తాను, ఈ తగువు మాకు రోజూ ఉండేదే.

పుస్తకాల్లో ఒక పాత ఉదాహరణ ఉంటుంది. ఒక సర్జన్ దగ్గర ఐదుగురు రోగులు, ఒకరికి గుండె, ఒకరికి కాలేయం, ఇలా ఒక్కో అవయవం దొరక్క చనిపోబోతున్నారు. మామూలు చెకప్ కోసం ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒకడు వచ్చాడు. అతన్ని చంపి ఐదుగురిని బతికిస్తే? తల లెక్క మీ కెప్టెన్ లెక్కలాంటిదే, కానీ వినగానే ఒళ్లు జలదరిస్తుంది. యాక్ట్ పక్షం వాళ్లు దీనికి చెప్పే మొదటి జవాబు, నిజజీవితంలో అది బయటపడుతుంది, ఆ తర్వాత ఎవరూ ఆసుపత్రి గడప తొక్కరు, కాబట్టి మొత్తం మీద కీడే అని. సరే, ఎప్పటికీ బయటపడదు అనుకోండి అంటే మాత్రం వాళ్లకి ఇబ్బంది మొదలవుతుంది. రూల్ పక్షం జవాబు సూటిగా ఉంటుంది: "అవసరమైతే డాక్టర్లు రోగుల్ని చంపొచ్చు" అనే నియమం ఉన్న సమాజం బాగుంటుందా, లేని సమాజం బాగుంటుందా? లేనిదే. కాబట్టి చంపకూడదు, ఆ రోజు లెక్క ఎలా ఉన్నా సరే.

దీని మీద జె.జె.సి. స్మార్ట్ 1956లో గట్టిగా పడ్డాడు. నియమం పెట్టుకున్నదే మేలు కోసం అయినప్పుడు, ఈ ఒక్కసారి మీరడం వల్లే మేలు అని తెలిసి కూడా పాటించడం నియమాన్ని పూజించడమే అన్నాడు. మీరు అడిగింది కూడా ఇదే. డేవిడ్ లయన్స్ 1965లో ఇంకోవైపు నుంచి వచ్చాడు. నియమానికి మినహాయింపులు చేర్చుకుంటూ పోండి, "ఇలాంటి సందర్భంలో తప్ప, అలాంటి సందర్భంలో తప్ప" అని, చివరికి ఆ నియమం చెప్పేదీ యాక్ట్ లెక్క చెప్పేదీ ఒకటే అయిపోతుంది అని చూపించాడు.

దీనికి నాకు నచ్చిన జవాబు బ్రాడ్ హుకర్ 2000లో ఇచ్చినది. నియమాన్ని ఎంచుకునేటప్పుడు, దాన్ని అందరూ అచ్చంగా పాటించేస్తే ఏమవుతుందని చూస్తే చాలదు. మామూలు మనుషులు దాన్ని నేర్చుకోవాలి, ఒంట పట్టించుకోవాలి, తర్వాతి తరానికి నేర్పాలి, దానికయ్యే కష్టం కూడా లెక్కలోకి రావాలి. వెయ్యి మినహాయింపులున్న నియమం ఎవరికీ ఒంటబట్టదు, పైగా ఎదుటివాడు ఎప్పుడు ఏ మినహాయింపు వాడతాడో తెలియక ఎవరికీ ఎవరి మీదా నమ్మకం ఉండదు. కాబట్టి మంచి నియమాలు కొద్దిగా, సరళంగా ఉంటాయి, యాక్ట్‌లో కరిగిపోవు.

మా దగ్గర ట్రయాజ్ ఉంటుంది. వచ్చిన వరుసలో చూడం, ఎవరి ప్రాణం ఎంత ప్రమాదంలో ఉందో చూసి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని విడగొడతాం. ఇది ఫలితాల లెక్కే, సందేహం లేదు. కానీ ఆ రంగు వేసేటప్పుడు ఎదురుగా ఉన్నది ఎవరు, సమాజానికి ఎంత పనికొస్తారు, ఇంట్లో ఎంతమంది ఆధారపడ్డారు అని చూడడానికి వీల్లేదు. చూడాలని ఒత్తిడి మాత్రం ఎప్పుడూ ఉంటుంది, ఫలానావారు మా మనిషి, కాస్త ముందు చూడండి అని ఫోన్లు వస్తూనే ఉంటాయి. అర్ధరాత్రి నిద్రలేక ఉన్న నాకు "ఈ ఒక్కసారికి లెక్క వేసి చూడు" అనే స్వేచ్ఛ ఇస్తే, ఆ లెక్క నాకు తెలియకుండానే పలుకుబడి ఉన్నవాడి వైపు మొగ్గుతుంది. అవయవదానం కోసం ప్రభుత్వం నడిపే జీవన్‌దాన్‌లో అవయవాల కోసం పేర్లు నమోదు చేసుకుని వరుస పాటించడం వెనకా ఇదే ఉంది. ఆ వరుస మీద నమ్మకం పోయిన రోజు బ్రెయిన్ డెడ్ అయిన మనిషి కుటుంబం దగ్గరకెళ్లి దానం అడిగే ముఖం ఎవరికీ ఉండదు.

ఆర్.ఎం. హేర్ 1981లో చెప్పిన టూ లెవెల్ కూడా ఇక్కడ అర్థమవుతుంది. తీరుబడిగా కూర్చుని ఆలోచించే సమయంలో ఫలితాలన్నీ తూచి నియమాలు మార్చుకోవాలి, పనిలో ఉన్నప్పుడు మాత్రం ఆ నియమాల మీదే నడవాలి అంటాడు. మా ప్రోటోకాల్స్ అలాగే మారతాయి, పగలు మీటింగులో, కేసుల రికార్డులు ముందు పెట్టుకుని. రాత్రి రెండింటికి స్ట్రెచర్ పక్కన నిలబడి ఎవరూ మార్చరు, మార్చకూడదు.

వకాల్తా

చదువరీ, ఒక జూనియర్ లాయర్‌గా చెబుతున్నాను, ఆ "పక్కా యుటిలిటేరియనిజం" అన్న లైను సెమినార్‌లో అలాగే చదవకు, ఎవరైనా లేచి అడిగితే నిలబడదు. సెక్షన్ ఇంకోసారి చదువు. హాని జరిగే అవకాశం ఉందని తెలిసి చేయడాన్ని మాత్రమే అది క్షమిస్తోంది, హాని చేయాలన్న నేర ఉద్దేశం ఉండకూడదని ముందే షరతు పెడుతోంది. కెప్టెన్‌కి ఆ ఇద్దరూ చావడం అక్కర్లేదు, వాళ్లు తప్పించుకుంటే ఇంకా సంతోషం. నైట్_డ్యూటీ గారు చెప్పిన సర్జన్‌కి మాత్రం ఆ మనిషి చావే కావాలి, అది లేకపోతే పని జరగదు. బెంథాం తూకానికి ఈ తేడా కనిపించదు, చట్టానికి కనిపిస్తుంది.

దీనికి పక్కనే పెట్టాల్సిన కేసు 1884 నాటి డడ్లీ, స్టీఫెన్స్ కేసు. మిన్యొనెట్ అనే చిన్న ఓడ సముద్రంలో మునిగిపోయి నలుగురు లైఫ్‌బోట్‌లో మిగిలారు. తిండి లేక, నీళ్లు లేక రోజులు గడిచాక డడ్లీ, స్టీఫెన్స్ కలిసి, అప్పటికే జబ్బుపడ్డ పదిహేడేళ్ల రిచర్డ్ పార్కర్‌ని చంపారు, ఆ శరీరం తిని ముగ్గురు బతికారు. ఒకడు పోయి ముగ్గురు మిగలడం, లేకపోతే నలుగురూ పోవడం. అంకెలు కెప్టెన్ ఉదాహరణ కంటే స్పష్టంగా ఉన్నాయి. అయినా ఇంగ్లండ్ కోర్టు అది హత్యే అంది, మరణశిక్ష వేసింది, తర్వాత దాన్ని ఆరు నెలల జైలుగా తగ్గించారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఎక్కడ దారులు విడిపోయాయో చూపిస్తే అదే సగం సెమినార్.

ఐపీసీకీ బెంథాంకీ సంబంధం లేదని మాత్రం అనడం లేదు. మెకాలే లా కమిషన్ 1837లో ముసాయిదా సిద్ధం చేసింది, 1860లో చట్టమైంది, 1862 నుంచి అమల్లోకి వచ్చింది. చట్టమంతా ఒకచోట, క్రమంగా, మనిషి ముందే చదివి తెలుసుకునేలా ఉండాలన్న ఆలోచనలో బెంథాం ముద్ర బాగా ఉంది. రేపు ఏం జరుగుతుందో ముందే తెలియడం, దాని మీద భరోసాతో బతకడం, ఇది బెంథాంకి చాలా పెద్ద మేలు. అందుకే అతన్ని ఒట్టి యాక్ట్ పక్షమని ఒక గడిలో వేసేయడం నాకు కుదిరినట్టు అనిపించదు. అతను రాసింది ఎక్కువగా శాసనకర్తల కోసం.

పాతపాఠం గారు చెప్పిన ఊహించిన ఫలితం, జరిగిన ఫలితం తగువులో కూడా సెక్షన్ ఒక పక్షం తీసుకుంది. ఆ ముంచుకొచ్చిన ప్రమాదం ఆ రిస్క్ తీసుకోవడానికి తగినంతటిదా అని చూస్తుంది. చివరికి ఎంతమంది పోయారన్నది ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పదు.

ముంపు_ఊరు

మూడో ప్రశ్న అడిగినందుకు చదువరికి థాంక్స్. మాది ఒక రిజర్వాయర్ కింద పోయిన ఊరు. ప్రాజెక్టు పేరు రాయడం నాకు ఇష్టం లేదు.

కెప్టెన్ ఉదాహరణలో ఆ రెండు పడవల్లో ఎవరున్నారో మనకి తెలియదు. ఈ రోజు ముప్పై మందిలో నేను ఉండొచ్చు, రేపు ఆ ఇద్దరిలో ఉండొచ్చు. అలాంటప్పుడు ఎక్కువమందిని కాపాడే పద్ధతికి అందరం ముందే ఒప్పుకుంటాం. భూముల దగ్గర అలా ఉండదు. చిన్న పడవలో ఎప్పుడూ వాళ్లే ఉంటారు. ఏరు కొండల మధ్య నుంచి వచ్చే చోట ఆనకట్ట కడతారు, కొండల్లో ఉండేది కోయలో, కొండరెడ్లో, నీళ్లు పారేది కింద మైదానంలో. పోలవరంలో ఖాళీ చేయాల్సిన కుటుంబాలు లక్షకు పైనే, వాళ్లలో పెద్ద భాగం గిరిజనులు. రాల్స్ అనే తత్వవేత్త 1971లో ఉపయోగితావాదం మీద పెట్టిన అభ్యంతరం ఇదే. ఒక మనిషి రేపటి సుఖం కోసం ఇవాళ కష్టపడితే అది అతని ఇష్టం, ఎందుకంటే కష్టమూ అతనిదే సుఖమూ అతనిదే. సమాజం మొత్తాన్ని అలా ఒకే మనిషి అనుకుని, ఒకడి కష్టాన్ని ఇంకొకడి సుఖంతో చెల్లువేయడం కుదరదు, మనుషులు విడివిడిగా ఉన్నారు అన్నాడు.

రెండోది, లెక్కలో ఏం రాస్తారు అన్నది. సర్వేకి వచ్చినవాళ్లు ఇంటికి, పట్టా ఉన్న పొలానికి, చెట్లకి రేటు కట్టారు. ఇప్పపువ్వు, తునికాకు, అడ్డాకు, చింతపండు, ఏడాదిలో సగం రోజులు అడవే ఇల్లు నడిపేది, దానికి కాగితం ఎక్కడుంది? మా నాయనమ్మని "ఇక్కడ మీకు ఏమేం ఇబ్బందులున్నాయి" అని అడిగితే ఏమీ లేదు బాబూ, బాగానే ఉన్నాం అంది. ఆమెకి పళ్లు లేవు, చూపు సరిగా లేదు, ఆసుపత్రి ఎంతో దూరం, అయినా ఆ మాటే అంది. కొత్త కాలనీకి వెళ్లాక అడిగినా అదే జవాబు చెప్పింది. సుఖం కొలిచేవాళ్లకీ, కోరికలు కొలిచేవాళ్లకీ ఇద్దరికీ ఆమె దగ్గర దొరికేది ఆ ఒక్క జవాబే. అమర్త్య సేన్ దీన్ని చాలా చోట్ల రాశాడు. ఎప్పుడూ లేమిలో ఉన్నవాళ్లు దొరికేదానికి తగ్గట్టు కోరికల్ని కుదించుకుంటారు, బతకడానికి అది తప్పదు, దాన్ని చూసి వాళ్లకి లోటు లేదని లెక్క రాసుకోవడం అన్యాయం అని. ఆయన చూపించే ఇంకో ఉదాహరణ కేరళ, బీహార్. ఎక్కువకాలం బతికేది కేరళవాళ్లు, మాకు జబ్బుగా ఉందని ఎక్కువగా చెప్పేదీ కేరళవాళ్లే. ఆయుష్షు తక్కువున్న బీహార్‌లో జబ్బు ఉందని చెప్పడం తక్కువ. నోటి మాటని కొలతగా తీసుకుంటే బీహార్ ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క వస్తుంది.

2013 భూసేకరణ చట్టంలో 8వ సెక్షన్ చూడండి. సామాజిక ప్రభావ అంచనాలో తేలిన నష్టాల కంటే ప్రాజెక్టు వల్ల వచ్చే ప్రయోజనాలు ఎక్కువగా ఉన్నాయో లేదో ప్రభుత్వం చూసుకోవాలి అని ఉంటుంది. వినడానికి బాగుంది. ప్రయోజనం ఎవరికి, నష్టం ఎవరికి అన్నది ఆ తక్కెడలో ఎక్కడ పడుతుంది?

తలకొకటి

ముంపు_ఊరు గారూ, మీరు చెప్పినవాటిలో ఒక్కటి కూడా కాదనను. కానీ తప్పు ఎవరి మీద వేయాలన్న దగ్గర నాకు తేడా ఉంది. నేను ఆర్థికశాస్త్రం చదివాను, ఇప్పటికీ నన్ను నేను యుటిలిటేరియన్ అనే చెప్పుకుంటాను.

ప్రాజెక్టు రిపోర్టుల్లో వేసే లెక్క ఉపయోగితావాదం లెక్క కానే కాదు. అక్కడ కొలిచేది రూపాయల్లో. భారీ సాగునీటి ప్రాజెక్టుకి లాభం ఖర్చుకి ఒకటిన్నర రెట్లు ఉండాలని, కరువు ప్రాంతాల్లో సమానంగా ఉంటే చాలని మన దగ్గర పాత పద్ధతి. రూపాయల్లో కొలిస్తే ఎక్కువ రూపాయలున్నవాడి కోరికకి ఎక్కువ బరువు వస్తుంది. బెంథాం నుంచి ఇవాళ్టి వరకు ఈ పక్షంలో అందరూ ఒప్పుకునే మాట ఏమిటంటే, పేదవాడికి పోయిన వెయ్యి రూపాయలు ధనికుడికి వచ్చిన వెయ్యి రూపాయల కంటే చాలా బరువు. ఇక లాభపడ్డవాళ్లు నష్టపోయినవాళ్లకి పరిహారం ఇవ్వగలిగితే చాలు, నిజంగా ఇవ్వకపోయినా ఆ ప్రాజెక్టు మంచిదే అనే వాదన ఒకటుంది, కాల్డర్, హిక్స్ 1939లో పెట్టినది. అది ఆర్థికవేత్తలు మనుషుల సుఖదుఃఖాల్ని పోల్చే పని తప్పించుకోవడానికి కనిపెట్టిన దారి. నాయనమ్మకి పరిహారం అందిందా లేదా అన్నది నిజమైన ఉపయోగితావాదికి అన్నిటికన్నా పెద్ద ప్రశ్న.

తలకొకటే లెక్క, ఎవరికీ ఒకటి కంటే ఎక్కువ లేదు అన్న మాట మిల్ బెంథాందేనని చెబుతాడు, నా పేరు కూడా అక్కడిదే. రాజుకీ కూలివాడికీ ఒకటే బరువు అని 18వ శతాబ్దంలో అనడం చిన్న విషయం కాదు. ఆ పద్ధతిలో ఆలోచించబట్టే బెంథాం జంతువుల గురించి అవి ఆలోచించగలవా, మాట్లాడగలవా అని అడగొద్దు, బాధపడగలవా అని అడగండి అన్నాడు. ఎవరికీ హాని చేయని స్వలింగ సంపర్కాన్ని శిక్షించడం తప్పని రాశాడు, తాను బతికుండగా అచ్చువేయలేకపోయాడు. మిల్ ఆడవాళ్లకి ఓటు కావాలని పార్లమెంటులో మాట్లాడాడు. సింగర్ 1971లో తూర్పు బెంగాల్ శరణార్థుల ఆకలి చూసి, దూరంగా ఉన్నారన్న కారణంతో ఒక ప్రాణం విలువ తగ్గదని రాశాడు. వాళ్లందరూ చేసింది అందరి మేళ్లనీ కలిపే కూడికే, అప్పటిదాకా లెక్కలోకి రానివాళ్లని చేర్చి మరీ చేశారు.

ముంపు_ఊరు

తలకొకటి గారూ, కూడిక సరిగ్గా చేస్తే మాకు ఇంత అన్యాయం జరగదు అంటున్నారు, ఒప్పుకుంటాను. కానీ కూడేది ఎవరు? మిల్ 1823 నుంచి 1858 దాకా ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, లండన్‌లో కూర్చుని ఇండియాకి వెళ్లే కాగితాలు రాసేవాడు, ఈ నేల మీద కాలు పెట్టలేదు. స్వేచ్ఛ గురించి 1859లో అంత గొప్పగా రాసిన మనిషే, అదే పుస్తకంలో అనాగరికుల్ని బాగుచేయడం కోసమైతే నిరంకుశంగా పాలించడం సరైనదే అన్నాడు. సిడ్జ్‌విక్ ఇంకా ముందుకెళ్లి, కొన్ని పనులు రహస్యంగా చేస్తేనే మేలు, జనానికి తెలిస్తే కీడు, అలాంటప్పుడు రహస్యంగా చేయడం సరైనది కావచ్చన్నాడు. బెర్నార్డ్ విలియమ్స్ దీనికే గవర్నమెంట్ హౌస్ యుటిలిటేరియనిజం అని పేరు పెట్టాడు, పైన బంగళాలో కొద్దిమంది లెక్క వేస్తారు, కింద ఉన్నవాళ్లకి ఆ లెక్క చూపించరు. మాకు జరిగింది ఇదే.

ఒడిశాలోని నియమగిరి కొండల్లో 2013లో సుప్రీంకోర్టు మైనింగ్ సంగతి గ్రామసభల్నే తేల్చమంది. పన్నెండు ఊళ్లలో సభలు పెట్టారు, పన్నెండూ వద్దన్నాయి. అక్కడ ఎవరూ ఆ కొండల గిరిజనులైన డోంగ్రియా కోందుల సుఖాన్ని తూచలేదు, వాళ్లని అడిగారు. నాకు కావలసింది అది.

సెక్షన్_చదువరి

అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. కెప్టెన్, డడ్లీ కేసు పక్కపక్కన పెట్టి మొదలుపెడతాను. పాతపాఠం గారూ, నెగటివ్ గురించి ఎవరూ చెప్పలేదు, అది కలపాలా? ఇంకోటి, ముంపు_ఊరు గారు అడుగుతున్నది హక్కు కదా, హక్కులకి ఉపయోగితావాదంలో చోటు ఉందా, లేక అది పూర్తిగా బయటి మాటా?

పాతపాఠం

నెగటివ్‌కి ఒక పేరా చాలు. సుఖం పెంచడం కంటే బాధ తగ్గించడం ముఖ్యమన్న ఆలోచన పాపర్ 1945లో రాసినదాంట్లో ఉంది, ప్రభుత్వాలకి సలహాగా చూస్తే అది మంచి మాటే. దాన్నే ఏకైక సూత్రంగా పట్టుకుంటే, నొప్పి లేకుండా లోకాన్నంతా ఒక్కసారి నాశనం చేసేవాడే మహోపకారి అయిపోతాడని ఆర్.ఎన్. స్మార్ట్ 1958లో చూపించాడు. ఈయన నైట్_డ్యూటీ గారు చెప్పిన స్మార్ట్‌కి తమ్ముడు, ఇద్దర్నీ కలిపేయకండి.

హక్కుల సంగతికి మిల్ పుస్తకంలో ఐదో అధ్యాయం చదవండి, న్యాయం మీద ఉంటుంది, సెమినార్‌కి ముందు అది ఒక్కటి చదివినా చాలు. నాకు ఒక హక్కు ఉందంటే, దాన్ని నాకు దక్కేలా సమాజం కాపాడి తీరాలి అని అర్థం అంటాడు. ఎందుకు కాపాడాలి అని అడిగితే, అందరి ప్రయోజనం తప్ప ఇంకో కారణం చెప్పలేను అంటాడు. తలకొకటి గారు ఈ రెండు వాక్యాలూ ఒప్పుకుంటారు. ముంపు_ఊరు గారు మొదటిది ఒప్పుకుని రెండోదాని దగ్గర ఆగిపోతారు, ఎందుకంటే అందరి ప్రయోజనం మీద నిలబడ్డ హక్కుని అందరి ప్రయోజనం పేరుతోనే తీసేయొచ్చు. నేను ఇన్నేళ్లు పాఠం చెప్పి కూడా ముంపు_ఊరు గారి వైపే ఉన్నాను. మీరు ఎటు ఉన్నారో సెమినార్‌లో దాచకుండా చెప్పండి, ప్రశ్నలు అక్కడినుంచే వస్తాయి.